నాగేందర్ చెయ్యి

నాగేందర్‌తో మా వర్క్‌షాపులో ఎవరికీ పడదు. మొదట్లో నాకూ పడేది కాదు. మనిషి చూపే కరుకు. పలకరిస్తే పలకడు, తల ఊపి ఊరుకుంటాడు. టీ తెచ్చిస్తే చల్లారేదాకా ఉంచి, తాగుతూ చల్లగా ఉందని సణుగుతాడు. అలాంటివాడి గురించి నేనెందుకు చెప్పాలి? అతని మీద ప్రేమతో కాదు. అతనికి శనిగాడని పేరు పెట్టి తరిమెయ్యాలని చూసినవాళ్ళ మీద నాకు కోపం ఇంకా తగ్గలేదు, అందుకని.

నా పేరు సుభాన్, మాది ప్రొద్దుటూరు. సౌదీలోని హుఫూఫ్‌లో సనాయియా అని కార్ఖానాలన్నీ ఒకచోట ఉండే పేట ఉంది. అక్కడొక రిపేరు వర్క్‌షాపుకు వ్యాను నడుపుతాను. ఈ ఊరి చుట్టూ ఖర్జూరం తోటలే. తోటల్లో పంపులు, పళ్ళు దాచే కోల్డ్ స్టోరేజీలు, కరెంటు పోతే ఆడే జనరేటర్లు, వీటన్నిటి కడుపులో ఒక ఎలక్ట్రానిక్ బోర్డు ఉంటుంది. అది చెడితే నేను పోయి తెస్తాను. మావాళ్ళు బాగుచేస్తారు. నేనే తీసుకెళ్ళి అప్పజెప్తాను. బోర్డు పనిచేస్తే పేరు మావాళ్ళకి, పనిచెయ్యకపోతే తిట్లు నాకు. అరబీలో తిట్లు నాకు వచ్చినన్ని మా అరబ్బు ఓనరుకి కూడా వచ్చి ఉండవు.

బాగుచేసిన బోర్డును పరీక్ష చెయ్యకుండా బయటికి పంపరు. దానికోసం ప్రతి బెంచీ మీదా ఒక పవర్ సప్లై ఉంటుంది. ఎంత వోల్టేజీ కావాలో, ఎంత కరెంటు దాటకూడదో అంకెలు కొట్టి, బటన్ ఒత్తితే సరిగ్గా అంతే ఇస్తుంది. కంప్యూటర్‌కి తగిలించి, ఫలానా టైముకి ఇవ్వు, ఫలానా టైముకి ఆపు అని ముందే రాసిపెడితే మనిషి దగ్గర లేకపోయినా చెప్పినట్టు చేస్తుంది. ప్రోగ్రామబుల్ అనేది అందుకే. మావాళ్ళు మాత్రం ఏనాడూ దాన్ని కంప్యూటర్‌కి కలిపిన పాపాన పోలేదు. కారు కొని ఎద్దులతో లాగించే రకం.

వర్క్‌షాపు పెత్తనమంతా ఫోర్‌మాన్ అబ్దుల్ ఘనీది. హైదరాబాదీ. ఓనరు అబూ నాసర్ వారానికోసారి వచ్చి అరిచి వెళ్తాడు, ఆ అరుపులను ఘనీ మిగతా రోజులకు పంచుతాడు. పనిలో పెద్ద ప్రభాకర్, ఆర్మూర్ దగ్గరివాడు. ఈ ప్రభాకర్ హస్తవాసి మంచిదని మా వాళ్ళ నమ్మకం. డాక్టర్లకుండే మాటను తెచ్చి మెకానిక్కుకు అంటగట్టారు. ఎవడు కొత్త ఫోను కొన్నా ముందు ప్రభాకర్ ఆన్ చెయ్యాలి. రూములోకి ఫ్రిజ్ తెస్తే ప్లగ్గు అతనే పెట్టాలి. ఈ దేశంలో ఉండనిచ్చే ఇకామా కార్డు రెన్యువల్ కోసం ఫోనులో వేలు నొక్కేటప్పుడు కూడా పక్కన అతను ఉండాలి. అతను చెయ్యి వేసిన బోర్డు తిరిగి రాదని చెప్పుకునేవారు. అతనికీ అది వినడం మహా ఇష్టం. పొద్దున్నే వచ్చి, సప్లై వైర్లకు ఏమీ తగిలించకుండానే, కొండగట్టు అంజన్న పేరు చెప్పుకుని ఒకసారి బటన్ ఒత్తి, కళ్ళకద్దుకుని, ఆ తర్వాతే పని మొదలుపెట్టేవాడు. ఎవరి భక్తి వారిది, దాంతో నాకు పేచీ లేదు.

కోరుట్ల దగ్గరి పల్లె నుంచి నాగేందర్ వచ్చింది అలాంటి చోటికి. ఊళ్ళో టీవీలు బాగుచేసేవాడట. అతను వచ్చినప్పుడే వర్క్‌షాపుకు కొత్త సప్లై ఒకటి వచ్చింది. ప్రభాకర్ దాన్ని తను తీసుకుని, అన్నాళ్ళూ తను వాడిన పాతదాన్ని నాగేందర్ బెంచీ మీదికి తోశాడు. పెద్దవాడు కదా, ఎవరూ ఏమీ అనలేదు.

తర్వాత బోర్డులు కాలడం మొదలైంది. నాగేందర్ అందరికన్నా ముందు పనికి వచ్చే మనిషి. వచ్చీ రాగానే ముందురోజు బాగుచేసిన బోర్డు తగిలించి, బటన్ ఒత్తేవాడు. టప్పుమని శబ్దం. కాలిన వాసన. మళ్ళీ కొన్నాళ్ళకు ఇంకొకటి. దేవుడికి దండం పెట్టడు, పెద్దలకు నమస్కారం చెప్పడు, అందుకే ఇలా జరుగుతోందని ప్రభాకర్ అన్నాడు. ఆ మాట అంటుకోవడానికి ఎంతసేపు! ఒకరోజు పదింటికి ఘనీ వచ్చి, అదే సప్లైకి వేరే బోర్డు తగిలించి తన చేత్తో ఒత్తి చూశాడు. ఏమీ కాలేదు. రెండోసారి ఒత్తాడు. బ్రహ్మాండంగా పనిచేసింది.

"మిషిన్ బరాబర్ హై. ఇస్ కా హాథ్ హీ అచ్ఛా నహీ," అన్నాడు ఘనీ అందరూ వినేట్టు. మిషన్ బాగానే ఉంది, వీడి చెయ్యే మంచిది కాదట.

అంతే, ముద్ర పడిపోయింది. పిచ్చికుక్కని పేరు పెట్టాక రాయి వెయ్యడానికి ఎవరికైనా చేతులొస్తాయి. రూములో అతన్ని పొయ్యి వెలిగించనిచ్చేవారు కాదు. ఎవరైనా సెలవు మీద ఊరికి బయలుదేరుతుంటే, ఎదురు రావద్దని ముందే చెప్పి బాత్‌రూములోకి పంపేవారు. అతనూ ఊరుకునే రకం కాదు. ఒకసారి ప్రభాకర్ కొత్త ఫోను డబ్బా విప్పబోతుంటే పోయి కావాలని దానిమీద అరచెయ్యి ఆనించి, "ఇగ కాలుతదేమో సూడు," అన్నాడు. ఆ రోజు ఇద్దరూ కొట్టుకునేదాకా వచ్చారు. అక్కడితో అతనితో మాట్లాడేవాళ్ళు కూడా మానేశారు.

అలా మాటలు లేక, వ్యానులో నా పక్కన కూర్చోవడం మొదలుపెట్టాడు. బోర్డు బిగించడానికి తోటలకు వెళ్ళేటప్పుడు దారి పొడుగునా ఒకటే సణుగుడు.

"మిషన్ల ఏదో ఉంది సుభాన్ బాయ్. నా తప్పు గాదది."

"ఆ మాట వాళ్ళతో చెప్పప్పా. నాతో చెప్తే ఏమొస్తాది?"

"చెప్పిన. ఆడలేక మద్దెల ఓడంటండు ఆ ప్రభాకర్."

ఇలా ఉండగా ఒక పెద్ద కోల్డ్ స్టోరేజీ బోర్డు కాలింది. లోపలి ఖర్జూరం చెడిపోతోందని వాళ్ళు అబూ నాసర్ మీదికి వచ్చారు. అబూ నాసర్ వర్క్‌షాపుకొచ్చి, ఎవరు కాల్చారని మాత్రమే అడిగాడు. వేళ్ళన్నీ ఒకవైపే చూపాయి. మర్నాడు ఘనీ నాగేందర్‌ను పిలిచి, నెలాఖరుకు హఫర్ అల్ బాతిన్ పోవాలని చెప్పాడు. అక్కడ మా ఓనరుకే ఒక సైటు ఉంది. ఎడారిలో కందకాలు తవ్వి కేబుళ్ళు లాగే పని. ఇక అతను బోర్డు ముట్టుకోనక్కర్లేదు.

ఆ రోజు వ్యానులో అతను సణగలేదు. చాలాసేపు చేతులు చూసుకుంటూ కూర్చున్నాడు.

"తవ్వుడు పనంటే నాకు నామోషి గాదు బాయ్. మా నాయిన అదే చేసిండు. కానీ నాకు వచ్చిందొక్కటే పని, ఈ చేతుల పని. ఈ చెయ్యే మంచిగ లేదని పేరు వెట్టి పంపితే, రేపు ఊరికి పోయినంక నాకు టీవీ ఎవడిస్తడు? ప్రభాకర్ పెండ్లాం పుట్టినూరు మా పక్కూరే. మాట పోవాల్నంటే ఎంతసేపు?"

అతని మాటలో అబద్ధం లేదు. హఫర్ పోతే ఉద్యోగం ఉంటుంది, జీతం ఉంటుంది. విద్య మాత్రం అక్కడే పాతిపెట్టాలి.

ఆ తర్వాత రోజు అతను ఇంకా పెందలాడే వచ్చాడు. వర్క్‌షాపు తాళంచెవి నా దగ్గరుంటుంది, తీయమని నన్నూ పిలిచాడు. స్కోపు అని ఒక తెరపెట్టె ఉంటుంది. వైరులో కరెంటు ఎలా ఎగసిపడుతుందో గీత గీసి చూపిస్తుంది. కన్నుమూసి తెరిచేలోగా జరిగేదాన్ని కూడా పట్టి ఆపి ఉంచుతుంది. దాన్ని సప్లైకి తగిలించి, ఇరవై నాలుగు వోల్టులు పెట్టి బటన్ ఒత్తాడు. సప్లై మీద అంకె ఇరవై నాలుగే చూపింది. స్కోపు తెరమీద మాత్రం గీత ఒక్కసారి తాటిచెట్టంత లేచి, ఆ తర్వాత కిందికి వచ్చి ఇరవై నాలుగు దగ్గర కుదురుకుంది.

"అగో! దొరికింది దొంగముండ!" అని బెంచీ మీద గుద్దాడు. అతను నవ్వగా నేను చూసింది అదే మొదటిసారి.

ఆ గీతను అలాగే ఉంచి, అందరూ వచ్చాక చూపించాడు. ఘనీ చూశాడు. ప్రభాకర్ చూశాడు. తర్వాత ప్రభాకర్ నోరు తెరిచాడు.

"నువ్వు ఒత్తినవ్ కాబట్టే గట్ల లేసింది."

నాకు ఒళ్ళు మండిపోయింది. అయితే నువ్వు ఒత్తరా అన్నాను. ప్రభాకర్ రెండు చేతులూ జేబుల్లో పెట్టేసుకున్నాడు. మంచి పేరున్న చెయ్యి కదా, దాన్ని పందెంలో పెట్టడానికి మనసొప్పలేదు. ఘనీ అతని వంక, అతను ఘనీ వంక చూసుకున్నారు. చివరికి నేనే పోయి ఒత్తాను. గీత లేవలేదు. మళ్ళీ ఒత్తాను. బుద్ధిగా ఇరవై నాలుగు దగ్గరికెళ్ళి నిలబడింది.

"సూసినవా? డ్రైవర్ ఒత్తినా ఏం గాలే," అన్నాడు ప్రభాకర్. వర్క్‌షాపంతా నవ్వింది. నేను సాయం చెయ్యబోయి అతని గొయ్యి ఇంకాస్త లోతు చేశాను.

నాగేందర్ వెళ్ళి తన స్టూలు మీద కూర్చున్నాడు. మధ్యాహ్నం అన్నం తినలేదు. సాయంత్రం వ్యాను దగ్గరికొచ్చి, ఘనీతో మాట్లాడాలి, నువ్వూ రా అన్నాడు.

"రాత్రంత పని లేక సల్లవడ్డంక మొదటిసారి ఒత్తినప్పుడే అది లేస్తంది," అన్నాడు ఘనీతో. "లోపల ఏదో ముసలిదైంది. ఒక్కసారి వేడెక్కినంక మంచిగైతది. పొద్దుగాల ముందు ఒత్తేది నేను, కాలేది నా బోర్డు. మీరు పదింటికొచ్చి ఒత్తుతరు, ఏం గాదు. రేపు పొద్దుగాల దాన్ని ఎవ్వరు ముట్టద్దు. కంప్యూటర్‌కు కలిపి టైం రాసి పెడదాం, దానంతట అదే వెలుగుతది. నా చెయ్యి లేదు, నీ చెయ్యి లేదు. గప్పుడు కాలకపోతే నేనే హఫర్ పోత."

ఘనీకి ఇది తమాషాగా తోచినట్టుంది, సరేనన్నాడు. అయితే కంప్యూటర్‌లో రాసేది నాగేందరే అయితే ఆ చెయ్యే తగిలినట్టని ప్రభాకర్ పేచీ పెట్టాడు. దీనికి ఏడవాలో నవ్వాలో మీరే చెప్పండి. కడకు నాగేందర్ గుమ్మం దగ్గర చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి చెప్తుంటే, ఘనీ ఒక్కో అక్షరం కొట్టాడు. బోర్డు ప్రభాకర్‌ది. తన చేత్తో బాగుచేసి, కొత్త సప్లై మీద పరీక్షించి, పనిచేస్తుందని చూపించి, తనే తెచ్చి పాతదానికి తగిలించాడు. అంజన్నకు దండం పెట్టి మరీ బిగించాడు. స్కోపు కూడా కలిపారు. ఘనీ గదికి తాళం వేసి చెవి జేబులో పడేసుకున్నాడు.

తెల్లవారి అందరం అద్దం తలుపు బయట నిలబడ్డాం. లోపల ఏసీ తప్ప ఇంకేదీ కదలడం లేదు. ప్రభాకర్ పెదవులు ఆడుతున్నాయి. నాగేందర్ మాత్రం అందరికన్నా వెనక, గోడకు ఆనుకుని, కళ్ళు మూసుకుని ఉన్నాడు. పోయేది నా ఉద్యోగం కాదు. కానీ ఆ బోర్డు కాలాలని నేను అల్లాను అడిగాను. ఒకరి బోర్డు కాలాలని దువా చేసిన డ్రైవరు ఈ హుఫూఫ్‌లో నేనొక్కణ్ణే అయి ఉంటాను.

సప్లై మీద దీపం దానంతట అదే వెలిగింది. టప్‌మంది. బోర్డు మూలనుంచి సన్నగా పొగ లేచింది. స్కోపు తెరమీద గీత, నిన్నటి గీత లాగే, తాటిచెట్టంత లేచి ఆగి ఉంది.

నాగేందర్ కళ్ళు తెరిచి, నేరుగా ప్రభాకర్ ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఇన్నేండ్లు నువ్వే గద దీనిమీద కూసున్నది. నీ బోర్డులెందుకు కాల్లే?"

"నా చెయ్యి..."

"చెయ్యి గియ్యి వద్దు. పొద్దుగాల వచ్చి ఏం చేస్తుంటివి? చెప్పు వీళ్ళకు."

ప్రభాకర్ ఘనీ వంక చూశాడు. "అంజన్న పేరు మీద ఉత్తగ ఓసారి ఒత్తుతుంటి."

"బోర్డు తగిలియ్యక ముందేనా?"

"దేవునికి ఒత్తేటప్పుడు బోర్డెందుకు తగిలిస్త?"

నాగేందర్ నవ్వాడు. నిన్నటి నవ్వు కాదు ఇది, వినడానికి బాగాలేదు. రాత్రి చల్లబడ్డ పాత సప్లై మొదటిసారి తన్నే తన్నంతా ప్రతిరోజూ ఖాళీ వైర్లలోకి పోయేదన్నమాట. ఆ తర్వాత తగిలించిన బోర్డులకు ఏమీ అయ్యేది కాదు. దానికే ఇన్నేళ్ళూ హస్తవాసి అని పేరు.

"సూసినవా మరి," అన్నాడు ప్రభాకర్, వెలిగిపోతున్న మొహంతో. "నన్ను దేవుడు కాపాడిండు. నీకు భక్తి లేదు, నీయి కాలినయ్."

నాగేందర్ అతని కాలరు పట్టుకున్నాడు. నేను మధ్యలో దూరకపోతే ఏమయ్యేదో. నిజం చెప్పొద్దూ, దూరడానికి నేనూ కొంచెం ఆలస్యం చేశాను. ఒక దెబ్బ పడనిద్దామని.

తప్పయిందని ఒక్కరూ అనలేదు. ఘనీ పాత సప్లైని నాలుగు బూతులు తిట్టి, "చలో, కామ్ పే లగో," అని అందరినీ పనిలోకి తోలాడు. హఫర్ మాట మళ్ళీ ఎత్తలేదు. పాతదాన్ని నేనే వ్యానులో వేసుకుని పోయి తుక్కులో పారేసి వచ్చాను. నాగేందర్‌కి కొత్తది తెప్పించారు. మనుషులను చూడండి, నెల తిరక్కుండానే కష్టమైన బోర్డులన్నీ అతని బెంచీ మీదికే రావడం మొదలైంది. మాటలు మాత్రం తిరిగి కలవలేదు. అతను కలపనివ్వలేదు కూడా. అందులో అతన్ని నేను తప్పుపట్టను.

కొత్త సప్లై వచ్చాక అతను బటన్ ఒత్తడం మానేశాడు. ప్రతి బోర్డుకీ కంప్యూటర్‌లో టైము రాసిపెట్టి, రెండు చేతులూ చంకల్లో దోపుకుని కూర్చుంటాడు. దీపం దానంతట అదే వెలుగుతుంది. ఇది కదా పద్ధతంటే అని ఘనీ అబూ నాసర్‌కి చూపించి మెప్పు కూడా పొందాడు. నేనూ అదే అనుకున్నాను, పనితనమనుకున్నాను.

ఒక శుక్రవారం పొద్దున ఇద్దరం వ్యానును ఒక తోట గోడ నీడన ఆపి ఫూల్ అనే ఇక్కడి చిక్కుడుగింజల కూర, రొట్టె తింటున్నాం. అతని భార్య శ్రీలత వీడియో కాల్ చేసింది. వాళ్ళ పొలంలో కొత్తగా బోరు వేశారట, మోటారు దింపారట. స్టార్టరులో సిమ్ ఉంది, ఫోనులో యాప్ నొక్కితే ఇక్కడినుంచైనా మోటారు ఆడుతుంది. ఆ యాప్ అతని ఫోనులో ముందే పెట్టించింది. ఆమె వెనకాల బోరు చుట్టూ జనం కనిపిస్తున్నారు.

"మా అన్న ఏస్తనన్నడు, నేనే వద్దన్న," అంది. "ప్రభాకర్ పెండ్లాం ఏమేమో కూసిందట. మీ ఆయన చెయ్యి మంచిది కాదంట గదా అని పక్కూరోళ్ళు నన్నే అడుగుతున్నరు. అందుకే అందర్ని పిలిచిన. నువ్వే ఒత్తాలె. మన బోరు నీ చేతితోనే పారాలె. అందరు సూడాలె."

నాకు ఆ పిల్ల మీద గౌరవం కలిగింది. మా వర్క్‌షాపులో ఒక్కడికి లేని పౌరుషం ఆమెకుంది. నాగేందర్ తెరమీద మోటారు గుర్తు దాకా వేలు తీసుకెళ్ళాడు. అక్కడ ఆగిపోయాడు. తర్వాత మైకు ఆపి, మేం ఆమెకు కనబడకుండా ఫోను పక్కకు తిప్పి నా ముందు పెట్టాడు.

"సుభాన్ బాయ్, నువ్వు ఒత్తు."

"నీకేమైనా పిచ్చి పట్టిందా? అంతమంది ముందర నిలబెట్టి చూపించినోడివి నువ్వే కదప్పా! తప్పు మిషన్‌ది అని తేలింది కదా!"

"అది మిషన్ సంగతి. ఇవి నీళ్ళు."

"ఏమైతే ఏంది?"

"పడకపోతే?" అన్నాడు. "నేను ఒత్తినంక పడకపోతే?"

నాకు ఏడుపొచ్చేంత కోపం వచ్చింది. ప్రభాకర్ మీద, ఘనీ మీద, ఇతని మీద, ఒత్తబోయి గొయ్యి తవ్విన నా మీద కూడా. నీ బోరు, నీ చెయ్యి, నేను ముట్టనన్నాను. అవతల శ్రీలత అడుగుతోంది.

"ఏమాయె? ఒత్తినవా?"

అతను మైకు వేసి ఫోను తనవైపు తిప్పుకున్నాడు.

"ఈడ సిగ్నల్ లేదు. మీ అన్ననే ఎయ్యమను."

ఫోను మీద సిగ్నల్ నిండుగా ఉంది. ఆమె మొహం, వాళ్ళ పొలం, వాళ్ళ మనుషులు అన్నీ అద్దంలో కనిపించినంత స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఆమె కాసేపు అతన్నే చూసింది. వెనక ఎవరో నవ్వారు. ఆమె అన్న పోయి స్టార్టరు నొక్కాడు. మోటారు శబ్దం వచ్చింది, పైపు దగ్గింది, బురదనీళ్ళు వచ్చాయి, ఆ వెంటనే తెల్లటి నీళ్ళు. జనం కేకలు వేశారు. పిల్లలు పైపు కిందికి దూరారు. నాగేందర్ ఫోనును డాష్‌బోర్డు మీద ఆనించి, చేతులు చంకల్లో దోపుకుని, వంగి చూస్తున్నాడు.

నీళ్ళు బాగానే పడ్డాయి. శ్రీలత మాత్రం మళ్ళీ ఫోను వైపు తిరగలేదు.